పరిశోధన కోసం హెంప్ వేయాలంటే రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించుకోవాలి?

నారమడి
పద్నాలుగు నెలలైంది. అర ఎకరంలో హెంప్, అంటే నార కోసం పెంచే గంజాయి జాతి మొక్క, వేసుకోవడానికి అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలో ఇంకా తేలలేదు. ఈ దారిలో నడిచినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

నేను ఒక ప్రైవేటు వ్యవసాయ కాలేజీలో నార పంటల మీద పనిచేస్తున్నాను. గోగు, జనుము వేయడం, నీళ్ళలో ఊరవేసి నార తీయడం, దాని బలం కొలవడం, పదకొండేళ్ళుగా ఇదే పని. మత్తు పదార్థం, అదే టీహెచ్‌సీ, బాగా తక్కువగా ఉండే హెంప్ రకాలు నాలుగు తెచ్చి, మన ఎండకి ఎకరానికి ఎంత నార ఇస్తాయో చూడాలన్నది నా ప్రాజెక్టు. అంతే. పువ్వుతో నాకు పని లేదు.

మొదటి ఆఫీసులో దరఖాస్తు ఇస్తే, హెంప్ అంటే జనుమే కదా, దానికి పర్మిషన్ ఎందుకు, వేసుకోండి అని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని వేసుంటే నా గతి ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం. రెండో ఆఫీసులో గంజాయికి పర్మిషన్ అడగడానికి మీకు ధైర్యం ఎలా వచ్చింది అన్నారు. మూడో చోట ఓపిగ్గా విన్నారు కానీ, దీనికి ఫారం లేదండీ అన్నారు. నిన్న మా ప్రిన్సిపాల్ గారు పిలిచి, కాలేజీ పేరు గంజాయి పక్కన పేపర్లో పడితే అడ్మిషన్లు ఏమవుతాయో ఆలోచించావా అని అడిగారు. రాత్రంతా నిద్ర లేదు.

వరంగల్_విత్తనం
మొదటి ఆఫీసు తప్పు పూర్తిగా వాళ్ళది కాదు సార్. మన పేర్లే అలా ఉన్నాయి. ఇంగ్లీషులో సన్ హెంప్ అంటే మన జనుము, పచ్చిరొట్ట ఎరువుగా వేసి కలియదున్నేది. దక్కన్ హెంప్ అంటే గోగు. ఇండియన్ హెంప్ అంటే గంజాయి మొక్క. మూడింటికీ చుట్టరికం లేదు. పైగా నిఘంటువుల్లో హెంప్ అన్నచోట జనపనార అని కనిపిస్తుంది, పేపర్ల వాళ్ళు జ్యూట్‌ని జనపనార అంటారు. దరఖాస్తులో హెంప్ అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు.

సెక్షన్లు_చదివేవాడు
ఈ పోస్టు కాస్త పెద్దది, ఓపిక పట్టండి. దారి చట్టంలోనే ఉంది. లేనిది ఆర్డరు.

ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం, 1985 నాటిది. అందులో 'గంజాయి మొక్క' అంటే కన్నాబిస్ జాతికి చెందిన ఏ మొక్క అయినా సరే. టీహెచ్‌సీ 0.1 శాతమా, 10 శాతమా అన్న తేడా చట్టంలో లేదు. కాబట్టి మీరు తెచ్చే నార రకం కూడా చట్టం కళ్ళకి గంజాయి మొక్కే. ఈ ఒక్క ముక్క అర్థం కాక చాలామంది, మాది తక్కువ మత్తు రకం కదా అని ధైర్యంగా ఉంటారు. అనుమతి లేకుండా సాగు చేస్తే సెక్షన్ 20 కింద 10 ఏళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

సెక్షన్ 8 సాగు వద్దంటుంది. అందులోనే వైద్య, శాస్త్ర అవసరాలకు మినహాయింపు ఉంది, అయితే లైసెన్సు షరతులకు లోబడి. ఆ లైసెన్సుకి రూల్స్ రాసుకునే అధికారం సెక్షన్ 10 రాష్ట్రాలకు ఇచ్చింది. మీకు అసలు కావలసింది సెక్షన్ 14. నార కోసం, గింజ కోసం పారిశ్రామిక అవసరానికి, లేదా ఉద్యాన అవసరానికి గంజాయి మొక్క సాగును ప్రభుత్వం సాధారణ ఉత్తర్వుతోనో ప్రత్యేక ఉత్తర్వుతోనో, షరతులు పెట్టి అనుమతించవచ్చు. సెక్షన్ 8 నిషేధం దీనికి అడ్డు రాదు.

అర్థమైందా? మీరు వెళ్ళి రిజిస్టర్ చేయించుకోవడానికి దేశం మొత్తానికి ఒకే పుస్తకం లేదు. రాష్ట్రం ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వే మీ రిజిస్ట్రేషన్. మూడో ఆఫీసాయన ఫారం లేదన్నది నిజమే. ఆయన తర్వాతి వాక్యం కూడా చెప్పి ఉండాల్సింది, ప్రత్యేక ఉత్తర్వు కోసం పైకి రాయండి అని.

ల్యాబ్_లక్ష్మి
సెక్షన్ 14 పారిశ్రామిక అవసరానికి అంటోంది కదా. నారమడి గారిది పరిశోధన. అది సెక్షన్ 8లోని శాస్త్ర అవసరం కిందికి రాదా?

సెక్షన్లు_చదివేవాడు
@ల్యాబ్_లక్ష్మి మంచి ప్రశ్న, ఫైళ్ళు ఆగేది ఇక్కడే. మొక్కలోంచి ఏం తీస్తారన్నదే తేలుస్తుంది. నార, గింజ అయితే 14 దగ్గరి దారి. పువ్వులోంచి మందు పదార్థాలు తీసి పరీక్షిస్తామంటే అది వైద్య, శాస్త్ర అవసరం, 8తో పాటు 10 కింద రూల్సు, లైసెన్సు కావాలి. రెండూ ఒకే దరఖాస్తులో కలిపితే చదివే అధికారికి రెండోదే కనిపిస్తుంది. నారమడి గారూ, మీ ప్రాజెక్టులో పువ్వు విశ్లేషణ ఎక్కడైనా రాశారా?

నారమడి
రాశాను. చివర్లో ఒక పేరా, 'భవిష్యత్తులో ఔషధ విలువల అధ్యయనం' అని. ఫండింగ్ కోసం అందరూ పెట్టే పేరా లాంటిదే.

సెక్షన్లు_చదివేవాడు
తీసేయండి.

పాడేరు_కుర్రాడు
అందరూ సెక్షన్ల గురించి మాట్లాడుతున్నారు. నాదొక ప్రశ్న. మా ఏజెన్సీలో నాలుగు మొక్కలు దొరికితే కేసు. కాలేజీ సారు అర ఎకరం వేస్తే పరిశోధన. ఏం న్యాయం ఇది?

మా చిన్నాన్న కొడుకుకి ఇరవై ఏళ్ళు. బస్తా మోస్తే డబ్బులిస్తామన్నారు. మోశాడు. కొనేవాడు దొరకలేదు, అమ్మేవాడు దొరకలేదు, మోసినవాడు దొరికాడు. రిమాండులో ఎన్ని నెలలున్నాడో మా పిన్నికి వేళ్ళ మీద లెక్క. 2021లో ఆపరేషన్ పరివర్తన అని తోటలు నరికారు, మంచిదే, మేమూ కత్తి పట్టుకుని వెళ్ళాం. ఇప్పుడు కాఫీ, మిరియం వేసుకుంటున్నాం. ఈ టైములో చట్టబద్ధమైన హెంప్ అని మొదలుపెడితే దళారులు మళ్ళీ కొండెక్కుతారు. 'ఇది గవర్నమెంటు మొక్క, ఏం భయం లేదు' అని చెప్పి వేయిస్తారు. మావాళ్ళకి శీలావతి అనే మత్తు గంజాయి రకానికీ మీ నార రకానికీ తేడా ఎవరు చెప్తారు?

కృష్ణాతీరం_77
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ దానికి ఈయన పరిశోధన ఆపితే ఏమొస్తుంది? ఆయన నార గురించి అడుగుతున్నారు.

పాడేరు_కుర్రాడు
@కృష్ణాతీరం_77 ఆపమనలేదు. మాకేం జరుగుతుందో కూడా దరఖాస్తులో ఒక పేరా ఉండాలంటున్నా.

రిటైర్డ్_ఖాకీ
ఎక్సైజులో 31 ఏళ్ళు చేశాను. పాడేరు బాబు చెప్పింది తీసిపారేసేది కాదు. ఆ భయమే ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది, బయటికి చెప్పరు అంతే.

నారమడి గారూ, మీ ఫైలు చూసిన అధికారి మనసులో ఏముంటుందో చెబుతాను. రేపు మీ మడిలోంచి పది మొక్కలు మాయమైతే బాధ్యత ఎవరిది? ఫీల్డులో కానిస్టేబులు మీ మొక్కనీ మామూలు గంజాయినీ చూసి తేడా చెప్పలేడు, నేనూ చెప్పలేను, ల్యాబే చెప్పాలి. ఈ రెండు ప్రశ్నలకీ జవాబు కాగితం మీద లేకపోతే ఎవరూ సంతకం పెట్టరు. పెట్టకపోవడం వల్ల ఎవరికీ మెమో రాదు, పెడితే రావచ్చు.

ఒక సంగతి గుర్తొచ్చింది. ఒకసారి రాత్రి ఫోన్, ఫలానా ఊళ్ళో రెండెకరాలు గంజాయి వేశారని. జీపేసుకుని నలుగురం వెళ్ళాం. తెల్లారి చూస్తే గోగు తోట! ఆకు వేళ్ళలా చీలి అచ్చం అలాగే ఉంది. పక్క గట్టు మీద ముసలమ్మ లేత ఆకు కోసుకుంటోంది. మాక్కూడా ఒక సంచీ గోంగూర ఇచ్చి పంపింది.

ఆముదాలవలస_అప్పన్న
హ హ, అది మా సబ్జెక్టు సార్. గోగు శాస్త్రీయ నామమే హైబిస్కస్ కన్నాబినస్, గంజాయి ఆకులాంటి ఆకు ఉంది కాబట్టే ఆ పేరు. పువ్వు వస్తే ఇక అనుమానం ఉండదు, లేత పసుపు రేకులు, మధ్యలో ముదురు ఎరుపు.

ఇంతకీ నారమడి గారూ, గోగు మీద చేయాల్సింది ఇంకా చాలా ఉంది కదా. మా ఉత్తరాంధ్రలో గోగు విస్తీర్ణం ఏటా తగ్గుతోంది, ఊరవేయడానికి చెరువుల్లో నీళ్ళు లేవు, కూలీలు లేరు. అనుమతి అక్కర్లేని పంట వదిలి అనుమతి రాని పంట వెంట ఎందుకు పడుతున్నారు? కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నా.

నారమడి
@ఆముదాలవలస_అప్పన్న న్యాయమైన ప్రశ్న. గోగు వదలను. ఈ రెంటినీ పక్కపక్కన వేసి, ఒకే నీరు, ఒకే ఎరువు ఇచ్చి పోల్చాలన్నదే నా కోరిక. హెంప్ మన దగ్గర పనికిరాదని తేలినా అదొక ఫలితమే, రేపు ఏ కంపెనీ అయినా రైతుకి ఆశలు చూపిస్తే మన దగ్గర లెక్క ఉంటుంది. ఆ లెక్క లేకుండా వద్దనలేం, ఔననలేం.

@రిటైర్డ్_ఖాకీ గారూ, మీరడిగిన రెండు ప్రశ్నలకీ నా దరఖాస్తులో జవాబు లేదు. సిగ్గుగా ఉంది.

రాజోలు_అమ్మాయి
నేను అమెరికా దక్షిణాదిలో ఒక యూనివర్సిటీలో పోస్ట్‌డాక్, హెంప్ మీదే పని. ఇక్కడ కూడా ఇది ఒక్క రోజులో తేలలేదు సార్, అందుకే రాస్తున్నా.

2014 ఫార్మ్ బిల్లులో, అంటే ఇక్కడి వ్యవసాయ చట్టంలో, సెక్షన్ 7606 అని ఒకటి పెట్టారు. యూనివర్సిటీలు, రాష్ట్ర వ్యవసాయ శాఖలు మాత్రమే పరిశోధన కోసం హెంప్ పెంచవచ్చు. రాష్ట్ర చట్టం ఒప్పుకోవాలి, పెంచే స్థలాన్ని రాష్ట్ర వ్యవసాయ శాఖ ధ్రువీకరించి రిజిస్టర్ చేయాలి. చదవడానికి సుఖంగా ఉంది కదా? అదే ఏడాది మే నెలలో కెంటకీ వాళ్ళు ఇటలీ నుంచి 250 పౌండ్ల విత్తనం తెప్పించుకుంటే లూయీవిల్‌లో కస్టమ్స్ ఆపేసింది. సాగుకి చట్టం ఉంది, విత్తనం దిగుమతికి మాదకద్రవ్యాల శాఖ అనుమతి లేదు. చివరికి రాష్ట్ర వ్యవసాయ శాఖే కేంద్ర ప్రభుత్వ శాఖ మీద కోర్టుకెళ్ళాక విత్తనం వదిలారు. అప్పుడు యూనివర్సిటీ ఆఫ్ కెంటకీలో నాటారు.

2018 ఫార్మ్ బిల్లుతో టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉన్న హెంప్‌ని మాదకద్రవ్యాల జాబితాలోంచి తీసేశారు. అమెరికా వ్యవసాయ శాఖ తుది నిబంధనలు 2021 జనవరిలో వచ్చాయి, మార్చి 22 నుంచి అమలు. వాటి ప్రకారం పరిశోధన సంస్థకైనా లైసెన్సు తప్పదు. కేంద్రం ఇచ్చే లైసెన్సు మూడేళ్ళు. స్థలం అక్షాంశ రేఖాంశాలతో సహా ఇవ్వాలి, ముఖ్య బాధ్యుల మీద ఎఫ్‌బీఐ నేర చరిత్ర నివేదిక పెట్టాలి, రికార్డులు మూడేళ్ళు దాచాలి.

పరిశోధకులకి ఇచ్చిన వెసులుబాటు ఒక్కటే. రైతుల పొలంలో కోతకు ముందు 30 రోజుల్లోపు అధికారి వచ్చి నమూనా తీస్తారు. మాకు ఆ పద్ధతే అక్కర్లేదు, మా ప్రయోగానికి తగ్గ పద్ధతి మేం రాసిచ్చి ఒప్పించుకోవచ్చు. పది మొక్కలున్న చిన్న మడిలో మొక్కల తలలు కోసి పట్టుకెళ్తే ఇక ప్రయోగమేముంటుంది? అయితే పరిమితి దాటినదాన్ని నాశనం చేయాల్సిన బాధ్యత మాదే. పోయినేడు ఒక రకం దాటింది. రెండేళ్ళ పని. రోటవేటర్ వేసి మట్టిలో కలిపేసి, ఫోటోలు తీసి, ఫారం నింపాం. ఆ సాయంత్రం నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను, కానీ ఆ ఫారం ఉంది కాబట్టే ఈ ఏడు మళ్ళీ వేయనిచ్చారు.

ల్యాబ్_లక్ష్మి
టెస్టింగ్ గురించి నేను చెబుతా. పచ్చి మొక్కలో టీహెచ్‌సీ నేరుగా ఉండేది తక్కువ, ఎక్కువ భాగం దాని ఆమ్ల రూపం, టీహెచ్‌సీఏ. వేడి తగిలితే అది టీహెచ్‌సీ అవుతుంది. కాబట్టి మొత్తం లెక్క కట్టాలంటే టీహెచ్‌సీఏని 0.877తో గుణించి, ఉన్న టీహెచ్‌సీకి కలపాలి. అది కూడా ఆరిన బరువు మీద. పచ్చి బరువు మీద రిపోర్టిచ్చే ల్యాబులుంటాయి, అంకె చిన్నగా కనిపించి సంబరపడతాం, తర్వాత కొంప మునుగుతుంది. దరఖాస్తులోనే 'మొత్తం టీహెచ్‌సీ, ఆరిన బరువు మీద' అని రాయండి. ఏ భాగం, ఎన్ని అంగుళాలు కోస్తారో కూడా రాయండి. పై కొమ్మలో పువ్వున్న చోట ఒక అంకె, కింది ఆకులో ఇంకో అంకె వస్తుంది.

రాజోలు_అమ్మాయి
ఔను మేడం, ఇక్కడి మార్గదర్శకాల్లో పైనుంచి 5 నుంచి 8 అంగుళాలు అని స్పష్టంగా ఉంటుంది.

వరంగల్_విత్తనం
విత్తనం మాట ఎవరూ ఎత్తలేదు. గింజ ఎన్‌డీపీఎస్‌లో గంజాయి నిర్వచనంలోకి రాదు, నిజమే. కానీ విదేశం నుంచి పరిశోధనకి విత్తనం తేవాలంటే మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు, 2003 వర్తిస్తుంది, ఢిల్లీలో మొక్కల జన్యు వనరులు చూసే కేంద్ర సంస్థ ఎన్‌బీపీజీఆర్ దిగుమతి పర్మిట్ కావాలి. మన రాజేంద్రనగర్‌లో వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది. కెంటకీ కథ మనకీ రాకూడదంటే సాగు ఉత్తర్వు, విత్తన పర్మిట్ ఒకదానికొకటి ముడిపెట్టి రాయండి.

ఇంకోటి. హెంప్ పగలు తగ్గితే పూతకొచ్చే మొక్క. యూరప్ రకాలు అక్కడ పదహారు గంటల పగటికి అలవాటు పడినవి. మన దగ్గర జూన్‌లో కూడా పగలు పదమూడు గంటలే. మోకాలెత్తులోనే పూతకొచ్చి కూర్చుంటే నార ఎక్కణ్ణుంచి వస్తుంది? రకాల ఎంపిక మళ్ళీ చూసుకోండి సార్. అనుమతి కోసం పద్నాలుగు నెలలు తిరిగి తప్పు విత్తనం వేస్తే అన్యాయం.

నారమడి
@వరంగల్_విత్తనం నాలుగులో మూడు యూరప్ రకాలే. మార్చాలి. ఇది ఎవరో ఒకరు చెప్పాల్సింది, థాంక్స్.

కృష్ణాతీరం_77
మన దేశంలో ఎక్కడైనా ఇచ్చారా, లేక అన్నీ అమెరికా కబుర్లేనా?

సెక్షన్లు_చదివేవాడు
ఇచ్చారు. ఉత్తరాఖండ్ 2018లోనే మొదలుపెట్టింది, టీహెచ్‌సీ పరిమితి 0.3 శాతం. జమ్మూలో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి, సీఎస్ఐఆర్ వాళ్ళ ఐఐఐఎం సంస్థ ఛఠా దగ్గర కట్టుదిట్టమైన తోటలో మందుల పరిశోధనకి పెంచుతోంది. హిమాచల్‌లో 2025 జనవరిలో మంత్రివర్గం పైలట్ అధ్యయనానికి ఒప్పుకుంది, పాలంపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, నౌణీ ఉద్యాన విశ్వవిద్యాలయం చేయాలని.

హిమాచల్ తీరు గమనించండి. ఎవరు చేయాలో, ఏ శాఖ చూసుకోవాలో ముందు ప్రభుత్వం తేల్చింది. దరఖాస్తుదారుడు ఆఫీసుల చుట్టూ తిరిగి కనుక్కోవాల్సిన పని లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి ఒక్క జీవో వస్తే చాలు. దాని కోసం ఒక ప్రైవేటు కాలేజీ ఒంటరిగా అడిగితే వినడం కష్టం. నారమడి గారూ, ఏదైనా ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి అడగండి. స్థలం వాళ్ళది, నార పరీక్ష మీది. ప్రిన్సిపాల్ గారి టెన్షన్ కూడా తగ్గుతుంది.

ఆముదాలవలస_అప్పన్న
స్థలం అంటే పాడేరు ఏజెన్సీలోని చింతపల్లి పరిశోధన స్థానం గురించి ఆలోచిస్తారేమో, చల్లగా ఉంటుందని. వద్దు.

పాడేరు_కుర్రాడు
అది నేను చెప్పాలనుకున్నా. మా వైపు వద్దు. గాలికి పుప్పొడి ఎంత దూరం పోతుందో సార్లకే తెలుసు.

వరంగల్_విత్తనం
కిలోమీటర్లు పోతుంది తమ్ముడూ. చాలా రకాల్లో ఆడ, మగ మొక్కలు వేరువేరు, గాలి ద్వారానే పరపరాగ సంపర్కం. చుట్టుపక్కల ఎక్కడైనా మత్తు రకం ఉంటే దాని పుప్పొడి పడి, ఈయన కట్టుకునే విత్తనం రెండో తరంలో పరిమితి దాటుతుంది. పరిశోధనకి కూడా నష్టమే. మైదానంలో, వేరే గంజాయి లేదని రాసివ్వగలిగిన చోటే వేయాలి.

రిటైర్డ్_ఖాకీ
సెక్షన్ 46, 47 కూడా మరవకండి. తన భూమిలో అక్రమ సాగు జరిగితే యజమాని చెప్పాలి, ఊళ్ళో జరిగితే సర్పంచి, గ్రామ అధికారులు చెప్పాలి. కాబట్టి ఉత్తర్వు రాగానే కాపీలు గ్రామ సచివాలయానికి, స్టేషనుకి, ఎక్సైజ్ స్టేషనుకి మీరే చేతికిచ్చి రశీదు తీసుకోండి. లేకపోతే ఎవరో మంచి మనసుతోనే ఫోన్ చేస్తారు, నాలాంటివాడు జీపేసుకుని వస్తాడు. ఈసారి అది గోంగూర కాదు.

పాడేరు_కుర్రాడు
@రాజోలు_అమ్మాయి అక్కా, ఎఫ్‌బీఐ నివేదిక అన్నావు. అక్కడ కేసున్నవాళ్ళు ఈ పనిలోకి రాకూడదా? ఇక్కడా ఆ రూల్ పెడితే మా తమ్ముడు లాంటివాడికి కాపలా పని కూడా దొరకదు.

రాజోలు_అమ్మాయి
మాదకద్రవ్యాల పెద్ద నేరంలో శిక్ష పడినవాళ్ళకి పదేళ్ళు లైసెన్సు ఇవ్వరు. కానీ అది లైసెన్సు తీసుకునేవాళ్ళకి, పై స్థాయి బాధ్యులకి మాత్రమే. పొలం చూసుకునే మేనేజర్లకి కూడా వర్తించదని నిబంధనలోనే ఉంది. కూలికి వెళ్ళేవాళ్ళని ఆపదు తమ్ముడూ. కేసుకీ శిక్షకీ కూడా తేడా ఉంది.

పాడేరు_కుర్రాడు
సరే. నారమడి సార్, మీ కాగితంలో ఆ తేడా రాయండి.

నారమడి
రాస్తాను. రెండు రోజులు కూర్చుని కొత్త దరఖాస్తు తయారు చేశాను, ఇక్కడ అందరూ చెప్పినవి కలిపి. మొదటి పేరాలోనే శాస్త్రీయ నామం, ఇది జనుము కాదు, గోగు కాదు, ఎన్‌డీపీఎస్ కింద గంజాయి మొక్కే అని మేమే రాశాం. సెక్షన్ 14 కింద ప్రత్యేక ఉత్తర్వు, నార కోసం మాత్రమే. ఔషధ పేరా తీసేశాను. అర ఎకరం పది సెంట్లకి తగ్గించాను. మొక్కల లెక్క రోజువారీ రిజిస్టరులో, తాళం ఇద్దరి దగ్గర. పరిమితి దాటితే ఎక్సైజు వాళ్ళ ఎదుటే కాల్చడం, పంచనామా. పుప్పొడి దూరం, ఏజెన్సీ మండలాల్లో వేయబోమన్న మాట, అక్కడ ఈ పంటని ప్రచారం చేయబోమన్న హామీ వేరే పేజీలో ఉన్నాయి. పనివాళ్ళ విషయంలో శిక్ష పడినవాళ్ళకీ కేసు నడుస్తున్నవాళ్ళకీ తేడా చూడాలని కూడా.

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్ గారు కలిసి సంతకం పెడతానన్నారు. సోమవారం ఇద్దరం వెళ్తున్నాం.

రిటైర్డ్_ఖాకీ
మడి పటం మీద సర్వే నంబరు వేశారా? ఇన్వర్డు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు.

నారమడి
సర్వే నంబరు మరిచిపోయాను. ఇప్పుడే వేస్తున్నాను.